కూర్చున్న మనిషిని లేపిన శనివారం

పుస్తకం కొంటే ముద్ర వేయాలి. లైబ్రరీ చదువులో నాకు నేర్పిన మొదటి పని అది. అట్ట లోపల ఒకటి, టైటిల్ పేజీ వెనక ఒకటి, మా లైబ్రరీ వాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక లోపలి పేజీలో ఇంకొకటి. ఎవరైనా పుస్తకం ఎత్తుకుపోయి ముందు పేజీలు చింపేసినా, ఆ లోపలి పేజీ తెరిచి చూపించి ఇది మాదే అని చెప్పడానికి. ఉప్పల్ రోడ్డు మీది ఒక పరిశోధనా సంస్థలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరినప్పటి నుంచి ఎన్ని పుస్తకాలకు ఆ ఊదారంగు ముద్ర వేశానో లెక్కలేదు. ఇంట్లో వంకాయలు తరుగుతున్నా నా వేళ్ళకు ఆ రంగు ఉండేది.

అందుకే తొంభైల నడుమ మా లైబ్రరీకి మొదటి సీడీ వచ్చిన రోజు, అలవాటు కొద్దీ దానికి కూడా ముద్ర వేశాను.

ఆ సీడీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. అంతకు ముందు మా దగ్గర లావుపాటి సంపుటాలు ఉండేవి. రసాయన శాస్త్రంలో ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఏ వ్యాసం రాసినా దాని సారాంశం వాటిలో నాలుగైదు వాక్యాల్లో దొరికేది. కొత్తగా ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు వాటిని తిరగేసి, ఆ పని ఇంకెవరూ చేయలేదని తేల్చుకోవాలి. అవి ఏటేటా పెరిగి అలమరలు నిండి, నేల మీద పేర్చే దాకా వచ్చింది. అప్పుడు ఒక కంపెనీ వాళ్ళు అదంతా అప్పడమంత బిళ్ళలో పెట్టి ఇస్తామన్నారు. కంప్యూటర్‌లో పెట్టి ఒక మాట కొడితే చాలు, వెతికి చూపిస్తుందన్నారు. మా చీఫ్ లైబ్రేరియన్‌ను మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. ఆ ఏడాది నుంచి అచ్చు సంపుటాలు తెప్పించడం మానేశాం.

మూడు నెలలకు కంపెనీ ఏజెంటు కొత్త సీడీ తెచ్చి, పాతది ఇచ్చేయమన్నాడు. తీసిచ్చాను. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, నా మొహం చూశాడు.

"ఇదేంటి మేడమ్?"

"మా లైబ్రరీ ముద్రండీ."

"ఇది మీది కాదు మేడమ్. మాది. మీకు చూసుకోవడానికి ఇచ్చాం. అగ్రిమెంటులో ఉంది కదా."

తల కొట్టేసినట్టయింది. అప్పటికి నాచారంలో మేముంటున్నది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టాలంటే ఓనరు గారిని అడగాల్సిందే. అద్దెకు తెచ్చిన వస్తువు మీద ఇది మాదే అని రాసుకోకూడదని ఇంట్లో తెలిసిన నాకు ఆఫీసులో తెలియలేదు. దూది, స్పిరిట్ తెచ్చి ఆ ముద్ర తుడుస్తూ కూర్చున్నాను. ఏజెంటు ఎదురుగా కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాడు.

అగ్రిమెంటు అన్న కాగితాల కట్టను నేను మిక్సీతో పాటు వచ్చే గ్యారంటీ కార్డులాంటిదనుకున్నాను. పెద్దసారుతో సంతకం పెట్టించి, ఫైలులో పెట్టి, తాడు కట్టేశాను. చదవాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. పుస్తకాలవాడి దగ్గర మేము చూసేవి రెండే, బిల్లులో తప్పులుండకూడదు, పుస్తకంలో పేజీలు తగ్గకూడదు. ఇంతకాలం దానితోనే నెట్టుకొచ్చాం.

మా లైబ్రరీకి ఇంకో అలవాటు ఉండేది. శనివారం మధ్యాహ్నం దాకా బయటివాళ్ళను రానిచ్చేవాళ్ళం. నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కెమిస్టులు, చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లు గేటు దగ్గర "లైబ్రరీకి" అని చెప్పి వచ్చేవాళ్ళు. ఇది ఎక్కడా రాసి ఉన్న నియమం కాదు. మాకన్నా ముందు పనిచేసిన వాళ్ళ కాలం నుంచి అలా నడుస్తోంది. లైబ్రరీకి చదువుకోవడానికి వచ్చిన మనిషిని నువ్వెవరని అడగడం మాకు మర్యాదగా తోచేది కాదు.

అలా వచ్చేవాళ్ళలో ఒక లెక్చరరమ్మ ఉండేది. అన్నోజిగూడలో ఇల్లు, ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. సీతాఫలం గింజల్లోంచి పురుగులను చంపే పదార్థం తీయడం మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పిల్లలను పెంచుకుంటూ చేసే పీహెచ్‌డీ. గడువు మరుసటి వేసవితో అయిపోతుంది. ఆ పని ఇంకెవరూ చేయలేదని ఈ ఏడాది దాకా వెతికి చూపిస్తేనే థీసిస్ తీసుకుంటానని ఆమె గైడు పట్టుబట్టాడట. పాత ఏళ్ళవి సంపుటాల్లో చూసేసింది. కొత్తవి సీడీలోనే ఉన్నాయి. అది చూడడానికి ఆమెకు మా లైబ్రరీ తప్ప ఇంకో చోటు లేదు.

కంప్యూటర్ ఎలా వాడాలో నేనే నేర్పాను. మొదట్లో మౌసును చూసి భయపడింది. రెండు మూడు శనివారాల్లో నాకన్నా చురుగ్గా వెతకడం మొదలుపెట్టింది. ఆ వారం వెతికినవన్నీ తన కాగితాల మీద గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసుకునేది. పిల్లలను తన అత్తగారు చూసుకుంటుంది కాబట్టి శనివారాలు తనకు దొరుకుతున్నాయని ఒకసారి చెప్పింది.

వానాకాలంలో ఒక శనివారం ఆమె ఆ అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది.

"మేడమ్, మా అత్తమ్మ. శనివారం శనివారం యాడికి పోతున్నవే అని అడుగుతుంటది. సూపిద్దామని తీస్కొచ్చిన."

పెద్దావిడ జరీ అంచు చీర కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచింది. వద్దన్నా వినలేదు. కోడలు కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కనే స్టూలు మీద కూర్చుంది.

"ఏందే, టీవీ లెక్కనే ఉన్నది."

"టీవీ కాదు అత్తమ్మా. సూడు, గిది జపానోళ్లు రాసింది. నాది గిట్ల కాదు, వేరే తీరు."

"నీది గూడ గిండ్ల వస్తదా?"

"అయినంక వస్తది."

పెద్దావిడ తెర మీదకు వంగి, ఒక్క అక్షరం తెలియకపోయినా చాలాసేపు చూసింది. నేను నా బల్ల దగ్గర కార్డులు సర్దుతూ వాళ్ళిద్దరినీ చూసి మురిసిపోతున్నాను. నా వల్లే ఇదంతా జరుగుతోందన్న గొప్ప కూడా మనసులో లేకపోలేదు.

ఏజెంటు ఆ రోజే వచ్చాడు. సీడీ మార్చడానికి కంప్యూటర్ వైపు నడిచినవాడు ఆగిపోయి, పెద్దసారు గదిలోకి వెళ్ళాడు. నన్ను కూడా పిలిచారు.

"ఆవిడ మీ స్టాఫా సార్?" అని అడిగాడు ఏజెంటు.

"కాదు. లెక్చరర్. శనివారాలు వస్తుంటుంది," అన్నారు పెద్దసారు.

"కుదరదు సార్. మీ ఉద్యోగులు, మీ రీసెర్చ్ స్కాలర్లు మాత్రమే చూడాలని అగ్రిమెంటులో ఉంది. బయటివాళ్ళు వాడుతున్నారని తెలిస్తే మావాళ్ళు సీడీలు ఆపేస్తారు. నేను చూడనట్టు పోగలను. ఇంకొకరు చూస్తే మీకే ఇబ్బంది."

చెడ్డవాడు కాదు. నిజంగానే ఇబ్బంది పడుతూ చెప్పాడు. పెద్దసారు నా వైపు చూసి, కళ్ళతోనే కంప్యూటర్ గది వైపు చూపించారు.

వెళ్ళాను. ఆమె ఏదో ఎత్తి రాసుకుంటోంది.

"మేడమ్, కొంచెం లేవండి."

"ఎవరన్న సారు వస్తున్నరా?"

"కాదండీ. బయటివాళ్ళు దీని మీద కూర్చోకూడదు. రూలు ఉందట."

ఆమె వెంటనే లేచింది. అంత తొందరగా లేస్తుందని నేను అనుకోలేదు. బల్ల మీద కాగితాలు కూడదీసుకుంటుంటే పెన్సిలు కిందపడి దొర్లింది. అత్తగారు స్టూలు మీంచి లేవలేదు.

"ఏం జేసిందమ్మా మా కోడలు? ఏమన్న ఖరాబు జేసిందా?"

"అయ్యో, లేదండీ."

"మరి ఎందుకు లేపుతున్నవ్?"

అగ్రిమెంటు అని ఏదో గొణిగాను. రీడింగ్ హాల్లో ఉన్న మా సైంటిస్టులు పేపర్ల మీంచి తలలెత్తి చూశారు. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని "పోదాం పా అత్తమ్మా" అంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెడుతూ పెద్దావిడ, మెల్లగా చెప్పాలని కూడా అనుకోకుండా అంది.

"గీడ నీకు గింత ఇజ్జత్ గూడ లేదానే? ఇంట్ల మస్తు జెప్తివి గద."

నేను వెనకాలే మెట్ల దాకా వెళ్ళి, ఏం వెతకాలో రాసిస్తే నేనే వెతికి ఇస్తానన్నాను. "వద్దు మేడమ్. మీకెందుకు పరేషాన్," అంది ఆమె, నా మొహం చూడకుండా. ఆ మధ్యాహ్నం తాడు విప్పి అగ్రిమెంటు చదివితే, అలా వెతికి ఇవ్వడం కూడా కూడదని ఉంది. సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైన సగానికే నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ మనిషి తప్పు చేసినట్టు లేచి వెళ్ళింది. ఏం ఒప్పుకుంటున్నామో చదవకుండా ఒప్పుకున్నవాళ్ళం మాత్రం కుర్చీల్లోనే ఉన్నాం.

తర్వాతి శనివారం ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆ చలికాలంలోనే లైబ్రేరియన్లకు ఒక వారం శిక్షణ పెట్టారు. సీడీలు, డేటాబేసులు తెప్పించడం, వాటి ఒప్పందాలు రాసుకోవడం గురించి అని సర్క్యులర్ వచ్చింది. పెద్దసారును బతిమాలి వెళ్ళాను. పాఠం చెప్పడానికి వచ్చినావిడ మొదటి రోజే అడిగింది, మీ దగ్గరున్న అగ్రిమెంటును మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్ళు చేతులెత్తండి అని. ఒక్క చెయ్యీ లేవలేదు. జుట్టు నెరిసినవాళ్ళం, పెద్ద పెద్ద లైబ్రరీలు నడుపుతున్నవాళ్ళం, బడిపిల్లల్లా బల్లల వైపు చూస్తూ కూర్చున్నాం. నేను చదివిన మాట నిజమే గానీ ఎప్పుడు చదివానో గుర్తొచ్చి నా చెయ్యి కూడా లేవలేదు.

"మీరు సీడీ కొనడం లేదు. చూసుకోవడానికి అనుమతి కొంటున్నారు. ఎవరెవరికి, ఎక్కడ, ఎంతకాలం అన్నది మీరు మాట్లాడుకోవాలి," అంది ఆవిడ. "వాళ్ళు పంపించే అగ్రిమెంటు, మీరు సంతకం పెట్టేదాకా వాళ్ళు అడుగుతున్న మాట మాత్రమే. నచ్చని వాక్యం కొట్టేయండి. కావలసింది పక్కన రాయండి."

కొట్టేయొచ్చని నాకు అంతవరకు తెలియదు. అచ్చులో వచ్చిన దాని మీద గీత పెట్టడం అంటే మాకు పెద్ద నేరం. పుస్తకాల్లో పెన్సిలుతో గీతలు పెట్టినవాళ్ళకు జరిమానాలు వేసిన చెయ్యి నాది.

మూడో రోజు మాతో బేరం ఆడించారు. ఒకరు ఏజెంటు, ఒకరు లైబ్రేరియన్. నా వంతు రాగానే "సార్, మీకు అభ్యంతరం లేకపోతే, వీలైతేనే సుమండీ, ఒక చిన్న విన్నపం" అని మొదలుపెట్టాను. క్లాసంతా నవ్వింది. "ఉప్పల్‌లో కూరగాయలు ఇలాగే కొంటారా?" అని పాఠం చెప్పే ఆవిడ అడిగింది. కాదు. బండివాడు చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెడతాను, కొసరు కరివేపాకు కూడా అడిగి తెచ్చుకుంటాను. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే మాత్రం అడగడమే తక్కువతనం అనిపించేది. ఇంటికొచ్చి మా ఆయనను ఏజెంటుగా నిలబెట్టి సాధన చేశాను. ఆయన రైల్వేలో గుమాస్తా. నేను ఏం అడిగినా "అలాగే, తీసుకో" అనేవారు. ఆయన వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

కొత్త ఏడాది ఒప్పందం కోసం ఏజెంటు వచ్చినప్పుడు, ఎవరు వాడొచ్చో చెప్పే ఆ వాక్యం మీద పెన్నుతో గీత పెట్టి, కాగితాలు అతని ముందుకు జరిపాను. గీత తిన్నగానే వచ్చింది.

"ప్రింటెడ్ అగ్రిమెంటు మేడమ్ ఇది," అన్నాడు.

"సంతకం ఇంకా పెట్టలేదుగా. లైబ్రరీకి స్వయంగా వచ్చి, ఇక్కడే కూర్చుని చూసుకునేవాళ్ళు ఎవరైనా చూడొచ్చని రాయండి."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "ఎందుకమ్మా ఈ సంతబేరం? బయటివాళ్ళ కోసం మనకు గొడవెందుకు?" అన్నారు, ఏజెంటు వినేటట్టుగానే. మొహం కాలిపోయింది. ఏజెంటు ముందు నన్ను అలా అన్నందుకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అయినా కాగితాలు వెనక్కి తీసుకోలేదు. చివరికి ఏజెంటే వాటిని తీసుకుని, పైవాళ్ళను అడిగి చెప్తానని సంచిలో పెట్టుకున్నాడు.

కంపెనీ వాళ్ళ జవాబు రావడానికి చాలా వారాలు పట్టింది. ఒక మాట నేను వదులుకున్నాను, బయటివాళ్ళు ఫ్లాపీలోకి ఎక్కించుకోకూడదు. ఒక మాట వాళ్ళు ఒప్పుకున్నారు, వచ్చి కూర్చుని చూసుకోవచ్చు, కాగితం మీద ప్రింటు తీసుకోవచ్చు. పెద్దసారు ఈసారి ప్రతి పేజీ చదివి సంతకం పెట్టారు.

ఆ లెక్చరరమ్మకు ఫోను లేదు. కాలేజీకి కబురు పంపినా రాలేదు. అప్పటికే ఎండలు మొదలయ్యాయి, గడువు దగ్గరపడుతోంది. ఒక ఆదివారం బస్సెక్కి అన్నోజిగూడ వెళ్ళాను. రోడ్డు మీద పంక్చర్ల షాపులో అడిగితే ఇల్లు చూపించారు. అత్తగారు వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"కూసో బిడ్డా," అంది, మంచం చూపించి.

"పర్వాలేదండీ, ఒక మాట చెప్పి వెళ్ళిపోతాను."

"కూసో. మా ఇంట్ల కూసున్నోళ్లను లేపం."

కూర్చున్నాను. కోడలు లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. జరిగింది చెప్పాను. ఇక మీదట ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని, రాసుకున్నామని, రెండు వైపులా సంతకాలయ్యాయని చెప్పాను. ఇదంతా మీ కోసమే చేశాననే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎలాగో ఆపుకున్నాను.

"రాస్కుంటే ఏమాయె? రేపు ఇంకో కాయితం దెస్తే మల్ల లేపుతవు," అంది పెద్దావిడ.

"లేపను."

"అప్పుడెందుకు లేపినవ్?"

"చదవకుండా సంతకం పెట్టించాను. తప్పు నాది. నా తప్పుకు మీ కోడలు లేవాల్సి వచ్చింది."

"నాకెందుకు జెప్తవ్? దానికి జెప్పు."

ఆమె వైపు తిరిగి చెప్పాను. ఒక పెద్ద సంస్థలో పనిచేసేదాన్నయ్యుండి, అవతలి మనిషి వాకిట్లో మంచం మీద కూర్చుని క్షమించమని అడగడానికి నాకు సిగ్గేసింది. అలా సిగ్గేసినందుకు ఇంకా సిగ్గేసింది. ఆమె కంగారుపడి "అయ్యో మేడమ్, గట్ల అనకున్రి" అంటూ లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. గ్లాసు అందుకునేటప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పెద్దావిడ చేటలోంచి తల ఎత్తకుండానే కోడలితో అంది. "పో శనివారం. పిల్లల్ని నేను సూస్కుంట. పనైనంకనే రా."

ఆ శనివారం ఆమె తలుపు తీసేసరికే వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేసి, సీడీ పెట్టి, కుర్చీ జరిపాను. కూర్చుంది. అంచు మీద, లేవడానికి వీలుగా. ప్రింటరుకు కాగితం పెడదామని వెళ్తే, నా అడుగుల చప్పుడు విని సగం లేచింది. చెయ్యి అప్పటికే కాగితాల మీదకు వెళ్ళింది.

"కూర్చోండి మేడమ్, మీరు కూర్చోవచ్చు," అన్నాను.

"సరే మేడమ్," అని కూర్చుంది.

కాసేపాగి ఫ్యాను వేద్దామని వెళ్ళాను. మళ్ళీ లేచింది. ఒప్పందం కాగితం తెచ్చి చూపిద్దామనిపించింది. దాన్ని చూపించి ఏం లాభం? ఆమెను లేపింది కాగితం కాదు, నేను.

కంప్యూటర్ గదిలోంచి బయటికొచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాను. లోపలికి వెళ్ళబోయినవాళ్ళను కాసేపాగి రమ్మన్నాను. కొంతసేపటికి లోపల మీటలు నొక్కే చప్పుడు మొదలైంది. మొదట ఆగి ఆగి, తర్వాత ఆగకుండా. సీతాఫలం గింజల మీద ఇంకెవరైనా ఏమైనా రాశారేమో, దొరికిందో లేదో తెలుసుకోవాలని నాకు చాలా ఆత్రంగా ఉంది. అయినా లేవలేదు. నేను లోపలికి అడుగు పెడితే ఆ చప్పుడు ఆగిపోతుంది.